మందు, ముద్ద ఒకే గడియారం మీద నడవాలి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 48 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆరేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా థైరాయిడ్, రెండేళ్లుగా బీపీ ఉన్నాయి. ఎత్తు 157 సెంటీమీటర్లు. మోకాళ్ల నొప్పులకు బరువు తగ్గమన్నారని రాత్రి భోజనం మానేశాను. రెండున్నర నెలల్లో 88 కిలోల నుంచి 82కు వచ్చాను. నెల రోజులుగా అక్కడే ఆగిపోయాను. ఉదయం ఆరింటికి కాఫీతో థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర, కాల్షియం బిళ్ళ వేసుకుంటాను. ఎనిమిదింటికి రాగి జావ. మధ్యాహ్నం ఇంటి భోజనం. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన షుగర్ మాత్ర రెండు పూటలా వేసుకుంటాను. జుట్టు రాలుతోందని బయోటిన్, ఏడాదిగా వారానికొకసారి 60,000 యూనిట్ల డి విటమిన్, పక్కింటావిడ ఇచ్చిన గ్రీన్ టీ సారం క్యాప్సూల్స్, ప్రోటీన్ పొడి కూడా వాడుతున్నాను. గుడ్డు తప్ప మాంసాహారం తినను. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. తెల్లవారుజామున మూడింటికి చెమటలు పట్టి మెలకువ వస్తోంది, ఆకలేసి రెండు మూడు బిస్కెట్లు తిని పడుకుంటాను. నెలసరి ఆగే వయసు కదా, అందుకే అనుకుంటున్నాను. నేను ఇంకేమి మానేయాలి? ఇంకేమి వేసుకోవాలి? కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండవచ్చా? ఆవకాయ పూర్తిగా మానుకోవాల్సిందేనా?

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర్లో తేలిగ్గా రాసేసిన సంగతి దగ్గరే మొదలుపెడతాను. తెల్లవారుజామున మూడింటికి చెమటలు పట్టి మెలకువ రావడం. బరువు, జుట్టు, ఆవకాయ అన్నీ దాని తర్వాతే.

మీ షుగర్ మాత్రలో రెండు మందులున్నాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవారికి షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. అది క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు అన్నం తిన్నారో లేదో దానికి తెలియదు, దాని పని అది చేసుకుపోతుంది. మీరు రాత్రి భోజనం మానేశారు కానీ రాత్రి మాత్ర మానలేదు. ఇన్సులిన్ వస్తోంది, దాని ఎదుట అన్నం లేదు. అర్ధరాత్రి దాటాక షుగర్ పడిపోతే చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది, పీడకలలు వస్తాయి, విపరీతమైన ఆకలి వేస్తుంది, పొద్దున లేచాక తల బరువుగా ఉంటుంది. మీరు తింటున్న ఆ రెండు బిస్కెట్లు బహుశా మిమ్మల్ని కాపాడుతున్నాయి. నోటి మీద అదుపు లేకనే తింటున్నానని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఈ విషయంలో నాకు తొందర ఎందుకో చెబుతాను. మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉండేది. ఏకాదశి నాడు ఏమీ తినకుండా షుగర్ మాత్ర మాత్రం తప్పకుండా వేసుకునేది. మందు మానకూడదన్నారని ఆవిడ పట్టుదల. ఒక ద్వాదశి ఉదయం పాలు పోసే అమ్మాయి తలుపు ఎంతసేపు కొట్టినా తీయకపోతే చుట్టుపక్కల వాళ్లు లోపలికి వెళ్లారు. ఒళ్లంతా చెమటతో, మాట తడబడుతూ ఉంది. అప్పుడు షుగర్ 48. బతికింది, ఆ తర్వాత చాలా ఏళ్లు ఉంది. కానీ ఆ ఉదయం నుంచి ‘రాత్రి తినడం మానేశాను’ అని ఎవరన్నా నేను ముందు అడిగేది మందుల చీటీయే.

మీరు ఈరోజే చేయవలసింది ఇది. షుగర్ డాక్టరుకు ఫోన్ చేసి, రాత్రి భోజనం మానేసిన సంగతి, చెమటల సంగతి రెండూ చెప్పండి. మందు ఎంత తగ్గించాలో, మార్చాలో ఆయన చెబుతారు. ఆరు కిలోలు తగ్గిన ఒంటికి పాత మోతాదు ఎక్కువ కావడం మామూలే. ఈలోగా రాత్రి భోజనం మళ్లీ మొదలుపెట్టండి. గ్లూకోమీటర్ తలగడ పక్కనే పెట్టుకోండి. మెలకువ రాగానే వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార అరగ్లాసు నీళ్లలో కలుపుకుని తాగండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అదే చేయండి. పెరిగాక ఒక గ్లాసు పాలో, కాస్త అన్నమో తినండి. ఆ సమయంలో లడ్డూ, చాక్లెట్ పనికిరావు. వాటిలోని నెయ్యి, కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. పంచదార ఎక్కడ ఉందో, మీరు పలకకపోతే ఏం చేయాలో ఇంట్లో వాళ్లకూ చెప్పి ఉంచండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఒకవేళ చెమట పట్టిన ప్రతిసారీ షుగర్ 100కు పైనే కనిపిస్తే నెలసరి ఆగే వయసు వల్లేనన్న మీ అనుమానమే నిజం కావచ్చు. అప్పుడు గైనకాలజిస్టును కలవండి.

ఇప్పుడు ఉదయం ఆరు గంటల సంగతి. మీరు గుప్పిట్లో పోసుకుని కాఫీతో మింగుతున్న ఆ మూడు మాత్రలు కడుపులో ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, మంచినీళ్లతో, ఒంటరిగా పోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు, తాగకూడదు. కాఫీ కూడా అందులోకే వస్తుంది. మన ఫిల్టర్ కాఫీ చిక్కదనం గురించి చెప్పనక్కర్లేదు. కాల్షియం అయితే థైరాయిడ్ మందును పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తుంది. ఐరన్ మాత్ర కూడా అంతే. వాటికీ థైరాయిడ్ మాత్రకూ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. మీరు రోజూ వేసుకుంటున్న మందులో కొంత భాగం ఒంటికి పట్టకుండానే పోతూ ఉండవచ్చు. నీరసానికీ, బరువు మొండికేయడానికీ అదొక కారణం కావచ్చు. అలాగని థైరాయిడ్ సరైతే కిలోలకు కిలోలు దిగిపోతాయని ఆశపెట్టను. దాని వాటా చిన్నదే.

కాబట్టి ఆరింటికి థైరాయిడ్ మాత్ర ఒక్కటే. ఏడింటికి కాఫీ. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమైతే టిఫిన్‌కు అరగంట ముందు. షుగర్ మాత్ర డాక్టరు చెప్పిన మోతాదులో టిఫిన్ వేళకు, టిఫిన్ ఎదురుగా ఉన్నప్పుడే. కాల్షియం మధ్యాహ్నం భోజనం చేస్తూ. ఇలా మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు, థైరాయిడ్ మందు సరిపోతోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. అంతకు ముందు చేయిస్తే మార్పు సరిగా తెలియదు. మందు సరిగా పట్టడం మొదలైతే ఇప్పటి మోతాదు ఎక్కువ కావచ్చు కూడా. అందుకే ఈ మార్పు సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

గ్యాస్ మాత్ర గురించి ఒక మాట. ఎప్పుడో పది రోజులకు రాసిచ్చిన దాన్ని ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లు గుంటూరు, విజయవాడల్లో ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. మన కారానికి అది తోడుగా ఉండాల్సిందేనని ఒక నమ్మకం. మీకు అది నిజంగా కావాలో లేదో డాక్టరును అడగండి. మానదలిస్తే ఆయన చెప్పినట్లు మెల్లగా మానండి. ఒక్కసారిగా ఆపితే మంట ఇంకా ఎక్కువ కావచ్చు.

ఆ మాట ఎందుకంటే, మీ అరికాళ్ల తిమ్మిర్లకు దానితో సంబంధం ఉండవచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. గ్యాస్ మాత్ర కూడా అదే పని చేస్తుంది. పైగా మీరు మాంసం, చేప తినరు. మూడు వైపుల నుంచీ బి12కు గండి పడుతోంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా తిమ్మిర్లు ఇలాగే ఉంటాయి కనుక ‘ఇదంతా షుగరే’ అని వదిలేసే ప్రమాదం ఉంది. రక్తంలో బి12 చూపించుకోండి. తక్కువ ఉంటే మాత్రలా, ఇంజెక్షన్లా అన్నది డాక్టరు తేలుస్తారు. ఆలస్యం చేస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. శాకాహారులకు స్పైరులినాలో బి12 దొరుకుతుందని చెప్పి అమ్ముతుంటారు, నమ్మకండి. అందులో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం మన ఒంటికి పనిచేయని రకం. పాలు, పెరుగు, గుడ్డులో ఉన్నది నిజమైన బి12.

మీరు వేసుకోవలసినదేదో వేసుకోలేదు, అక్కర్లేనివి నాలుగు వేసుకుంటున్నారు. నన్ను బాధపెట్టింది ఇదే. ఒక్కొక్కటీ చూద్దాం.

బయోటిన్: మీ జుట్టు రాలడం దాని లోటు వల్ల కాకపోవచ్చు. బరువు వేగంగా తగ్గినప్పుడు రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుప్పెళ్లుగా రాలుతుంది. తిండి సరిపడా అందితే కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. దానికి కావలసింది ప్రోటీన్, ఐరన్. ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే ఐరన్ నిల్వ తెలుస్తుంది. బయోటిన్ చేసే అసలు కీడు మరోచోట ఉంది. అది ఒంట్లో ఎక్కువగా ఉన్నప్పుడు చాలా ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్ష ఫలితం తారుమారవుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా కనిపించి, మందు ఎక్కువైందని డాక్టరు పొరపడవచ్చు. దాన్ని ఆపేయమనే నా సలహా. ఆపకపోయినా, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు నుంచైనా వేసుకోకండి.

డి విటమిన్: 60,000 యూనిట్ల మందును సాధారణంగా వారానికొకటి చొప్పున ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఇచ్చి, తర్వాత నెలకొకటి చేస్తారు. ఏడాది పాటు వారం వారం అంటే ఎవరో ఆపమనడం మరిచారు, మీరు అడగడం మరిచారు. ఇది నీళ్లలో కరిగి బయటికి పోయే విటమిన్ కాదు. కొవ్వులో నిల్వ ఉంటుంది. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, మలబద్ధకం, వికారం, కిడ్నీలో రాళ్లు రావచ్చు. మీరు కాల్షియం బిళ్ళ కూడా వేసుకుంటున్నారు. డి విటమిన్, కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు అయ్యేదాకా వారం మందు ఆపి, తర్వాత ఎలా వాడాలో డాక్టరును అడగండి.

గ్రీన్ టీ సారం క్యాప్సూల్స్: వీటి విషయంలో మాత్రం నాది ఒకటే మాట, ఈరోజు నుంచే మానేయండి. కప్పులో కాచుకుని తాగే గ్రీన్ టీ వేరు, దాని సారాన్ని చిక్కగా తీసి క్యాప్సూల్‌లో నింపడం వేరు. ఈ సారాల వల్ల కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్యలోకంలో నమోదయ్యాయి. మలబార్ చింత పేరుతో వచ్చే గార్సీనియా, అశ్వగంధ విషయంలోనూ అలాంటివి ఉన్నాయి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను కూడా కదిలిస్తుంది. బరువు తగ్గించే పొడుల్లో, క్యాప్సూల్స్‌లో పెట్టె మీద రాయని మందులు దొరికిన సందర్భాలూ ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఆకలిని అణిచే సిబుట్రమైన్ అనే మందు. గుండెకు ప్రమాదమని 2010లో అమెరికా మార్కెట్లోంచి తీసేశారు, తర్వాత మన దేశంలోనూ నిషేధించారు. అది బీపీనీ, గుండె వేగాన్నీ పెంచుతుంది. డబ్బా మీద ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు ఉందని పక్కింటావిడ చూపించి ఉంటారు. ఆ నంబరు తయారీదారుకు లైసెన్సు ఉందని చెబుతుంది, అంతే. లోపలి సరుకు బరువు తగ్గిస్తుందని చెప్పదు. ఆవిడ మీ మేలు కోరే ఇచ్చి ఉంటారు. ‘డాక్టరు వద్దన్నారు’ అని చెప్పేయండి, ఇరుగుపొరుగు స్నేహం చెడదు. కాలేయ పరీక్ష ఒకటి చేయించుకోండి.

ప్రోటీన్ పొడి: ఆరేళ్ల షుగర్, పైగా బీపీ ఉన్న మనిషి కిడ్నీల పనితీరు చూడకుండా ప్రోటీన్ పొడి జోలికి వెళ్లకూడదు. రక్తంలో క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో కూడా చూపించండి. ఈ రెండోదాన్ని చాలామంది చేయించరు, కిడ్నీ దెబ్బ ముందుగా బయటపడేది అక్కడే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వద్దనే చెప్పాయి. మీ పొడిలో సోయా ఉంటే అది థైరాయిడ్ మాత్రకూ అడ్డమే.

ప్రోటీన్ అక్కర్లేదని కాదు నేను అంటున్నది. తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. అది కరిగితే మోకాలు ఇంకా బలహీనపడుతుంది. కిడ్నీలు బాగుంటే మీకు రోజుకు 60 గ్రాముల దాకా కావాలి. లెక్కల టీచరు కనుక లెక్కే చెబుతాను. 60 గ్రాముల పెసలు నానబోసి రుబ్బి వేసుకున్న పెసరట్లలో సుమారు 14 గ్రాములు. రెండు గుడ్లలో 12. గిన్నెడు చిక్కటి పప్పులో, అంటే 30 గ్రాముల కందిపప్పుతో వండినదానిలో, ఆరేడు. 200 గ్రాముల పెరుగులో ఆరేడు. బడిలో ఇంటర్వెల్‌కు 30 గ్రాముల శనగలతో చేసిన గుగ్గిళ్లలో ఆరు. మిగతాది అన్నం, రొట్టె, కూరలే ఇస్తాయి. ఈ పొడికి నెలకు మీరు పెడుతున్న డబ్బుతో పట్టాభిపురం రైతుబజారులోనో, మీ వీధి చివరి కొట్లోనో ఇంటిల్లిపాదికీ పెసలు, శనగలు, గుడ్లు వస్తాయి.

రాగి జావ సంగతి కూడా ఇక్కడే. రాగుల్లో కాల్షియం దండిగా ఉంది, నిజమే. కానీ మెత్తగా పిండి పట్టించి, పల్చగా కాచి, గడగడా తాగేస్తే అది త్వరగా చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. నమలడం లేదు, పక్కన కూర లేదు, ప్రోటీన్ లేదు. పదింటికే ఆకలి. అదే రాగిపిండిని రొట్టె చేసుకుని ఆకుకూర పప్పుతో తినండి, లేదా ఉదయం పెసరట్టుకు మారండి. పెసరట్టులో ఉప్మా మాత్రం వద్దు. ఆ రెండూ కలిస్తే ఒక టిఫిన్‌లో రెండు టిఫిన్లు తిన్నట్లే.

ఇప్పుడు మీ మధ్యాహ్నం కంచం. మీరు ‘ఇంటి భోజనం’ అని రెండు మాటల్లో తేల్చేశారు, అసలు కథ అక్కడే ఉందని నా నమ్మకం. మన భోజనానికి ఒక వరుస ఉంది. మొదట పచ్చడో, పొడో నెయ్యి వేసుకుని, తర్వాత పప్పు, తర్వాత కూర, ఆ తర్వాత పులుసో చారో, చివర పెరుగు. ఒక్కొక్కదానికీ విడిగా అన్నం కలుపుకుంటాం. ప్రతిసారీ ‘కొంచెమే’ పెట్టుకుంటాం. ఐదు కొంచేలు కలిస్తే వండిన అన్నం 450 గ్రాములు సులువుగా అవుతుంది. వంద గ్రాముల అన్నంలో సుమారు 130 కేలరీలు. అంటే నెయ్యి, నూనె లెక్కలోకి రాకముందే 585. చపాతీకి మారమని నేను చెప్పను. బియ్యంలో ఎన్ని కేలరీలో అంతే తూకం గోధుమపిండిలోనూ దాదాపు అన్నే, పైగా మన ప్రాంతంలో అన్నం మానిన మనిషి పదిహేను రోజులకు మళ్లీ అన్నానికే వస్తుంది, అప్పుడు రెట్టింపు తింటుంది.

మార్చవలసింది వరుస. కంచంలో ముందు కూర, పప్పు పెట్టుకోండి, అన్నం లేకుండా. దొండకాయో, బీరకాయో, గోంగూర పప్పో, ఒక గుడ్డో, తీరిగ్గా సగం తినండి. కూరలు, ప్రోటీన్ ముందు వెళ్లి అన్నం తర్వాత వెళితే భోజనం తర్వాత షుగర్ అంతగా ఎగరదు. తర్వాత 150 గ్రాముల అన్నం ఒక్కసారి పెట్టుకుని మిగిలిన పప్పు, కూర దానితో కలుపుకోండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి, అన్నంలోకి కాదు. చివర 75 గ్రాముల అన్నంతో పెరుగన్నం. అది తినకపోతే భోజనం అయినట్లు ఉండదని నాకు తెలుసు, ఉంచుకోండి. మొత్తం 225 గ్రాములు, సగానికి సగం. రోజుకు దాదాపు 290 కేలరీలు తగ్గాయి. ఒక కిలో కొవ్వుకు 7,700 కేలరీలు అని లెక్క వేస్తే కాగితం మీద నెలకు కిలోకు కాస్త పైన తగ్గాలి. ఒళ్లు కాగితం అంత నిక్కచ్చిగా నడవదు గానీ దారి మాత్రం అదే. మొదటి వారం వంటింట్లో తూకం పెట్టుకుని తూచండి. తర్వాత మీ గరిటే మీకు తూకం అవుతుంది. ఇదంతా మందు మోతాదు డాక్టరు సరిచేశాకే సుమా. అన్నం తగ్గిందంటే మాత్ర బలం పెరిగినట్లే.

నూనెకు ఒకే కొలత చెబుతాను. ఇంట్లో ఎంతమంది ఉంటే మనిషికి అర లీటరు చొప్పున నెలకు తెచ్చుకోండి. నలుగురైతే రెండు లీటర్లు. నెలాఖరుకు ముందే అయిపోతే వేపుళ్లు ఎక్కువయ్యాయని అర్థం. చెంచా నూనెలో 45 కేలరీలు. తాలింపు చెంచాతో వేయండి, సీసా వంచి కాదు.

రాత్రి భోజనం ఏడున్నర, ఎనిమిదికి ముగించండి. రెండు చిన్న జొన్న రొట్టెలు, గిన్నెడు కూర, పప్పో గుడ్డో. తినగానే టీవీ ముందు కూర్చోకుండా మేడ మీద పది, పదిహేను నిమిషాలు నడవండి. భోజనం తర్వాత నడక షుగర్ మీద చేసే మేలు చాలా ఎక్కువ. ఉదయం నడక కోసం బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియం మీకు దగ్గరే, ఓపిక ఉన్న రోజున వెళ్లండి. మోకాలు నొప్పి పెట్టే రోజున కుర్చీలో కూర్చుని లేవడం పది సార్లు, కాసేపు ఆగి మళ్లీ పది సార్లు చేయండి. తొడ కండరం గట్టిపడితే మోకాలికి ఊతం దొరుకుతుంది. మీరు తగ్గిన ఆరు కిలోలు చిన్న విషయం అనుకోకండి. ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అంటే మీ ప్రతి అడుగుకూ 24 కిలోలు దిగాయి. 88లో ఆరు అంటే దాదాపు ఏడు శాతం. ఐదు శాతం తగ్గినప్పటి నుంచే షుగర్, బీపీ మెరుగుపడతాయి. ఇక మూడు కిలోలు తగ్గి 79కి వస్తే పది శాతం. దానికి నాలుగు నెలలు పట్టినా సంతోషమే.

కళ్లు తిరగడం గురించి. బరువు తగ్గితే బీపీ కూడా తగ్గుతుంది. పాత మోతాదు మాత్ర, తక్కువ తిండి, గుంటూరు ఎండ కలిస్తే లేచినప్పుడు బీపీ జారిపోతుంది. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే కూర్చుని ఒకసారి, లేచి నిలబడిన ఒకటి నుంచి మూడు నిమిషాల లోపు మరోసారి చూడండి. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడితే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. మాత్ర మీ అంతట మీరు ఆపకండి. ‘బీపీ వాళ్ల ఉప్పు’ అని అమ్మే తక్కువ సోడియం ఉప్పు కొనాలనుకుంటే కాస్త ఆగండి. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. మీ బీపీ మాత్ర టెల్మిసార్టన్ వంటిదైతే అదీ పొటాషియంను పెంచుతుంది. కిడ్నీ, పొటాషియం పరీక్షలు చూశాకే ఆ నిర్ణయం.

కార్తీక సోమవారాలకు వస్తాను. తెల్లవారుజామున చెమటలు పడుతున్న ఈ స్థితిలో పగలంతా ఏమీ తినకుండా నక్షత్రం కనిపించే దాకా ఉండడం వద్దమ్మా. నేను కూడా దీపాలు పెట్టే మనిషినే, అందుకే గట్టిగా చెబుతున్నాను. మందు మార్చి, కనీసం నెల రోజులు షుగర్ ఎక్కడా 70 కిందికి పోలేదని తేలాక, ఆ రోజుకు మాత్ర ఎలా వేసుకోవాలో డాక్టరు రాసిచ్చాక అప్పుడు ఆలోచిద్దాం. ఈ ఏడాది వండిన అన్నం మాత్రం మాని, పాలు, జామకాయ, ఉడికించిన వేరుశనగలు, పెరుగు వేళకు తీసుకుంటూ సోమవారం జరుపుకోండి. అమరావతి వెళ్లి అమరేశ్వరుణ్ని చూసి రావాలంటే వెళ్లండి, సంచిలో పంచదార పొట్లం, గ్లూకోమీటర్ పెట్టుకుని, తోడుతో వెళ్లండి. ఆ రోజు కూడా కళ్లు తిరిగితే వ్రతం అక్కడే ఆపేసి ముందు పంచదార నీళ్లు తాగండి.

ఇక ఆవకాయ. గుంటూరులో ఉంటూ అది మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు. రోజు మొత్తానికి ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదు, అంటే తలగొట్టిన ఒక చెంచా. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడి, అప్పడం, ఊరమిరపకాయలు ఒకే పూట కంచంలో చేరితే ఆ చెంచా అక్కడే అయిపోతుంది. వీటిలో రోజుకు ఒక్కటే ఎంచుకోండి. ఆవకాయ రోజున ఒక చిన్న ముక్క, గుజ్జు ఊడదీసి, మొదటి ముద్దలో నెయ్యితో కాకుండా చివరి పెరుగన్నంలో నంజుకోండి. పెరుగన్నంలో ఆ రోజు ఉప్పు వేసుకోకండి. డాక్టరును కలిశాక మూడింటి రీడింగులు ఎలా ఉన్నాయో నాకు ఒక ఉత్తరం రాయండి.